కరోనాలో యాప్‌లు, కంపెనీలు, గవర్నమెంట్: కావలి నెట్ సెంటర్‌లో నన్నడిగిన ప్రశ్నలు

మాది కావలి. కరోనా రెండేళ్ళూ నేను నెట్ సెంటర్ నడిపినా. 2021 మే నెలలో కర్ఫ్యూ గదా, పొద్దున ఆరు నుంచి మధ్యాన్నం పన్నెండు దాకానే షట్టర్ తెరిచేదాన్ని, ఆ ఆరు గంటల్లో వచ్చినోళ్ళు దాదాపు అందరూ ఒకటే పని, టీకా స్లాట్ చూడక్కా అని. అప్పుడు అడిగిన ప్రశ్నలు కొన్ని, తర్వాత సర్టిఫికెట్లు ప్రింట్ తీసుకోను వచ్చినప్పుడు అడిగినవి కొన్ని, ఇప్పుడు వాట్సాప్‌లోనే సర్కారు పనులు అయిపోతా ఉంటే అడిగేవి ఇంకొన్ని. అన్నీ ఒక చోట పెడదామని రాస్తున్నా.

రోగం వస్తే డాక్టర్లు చూసుకోవాల గదా అక్కా, మధ్యలో ఈ కంపెనీలతో గవర్నమెంట్‌కి పనేంది?

మన రాష్ట్రంలో మొదటి పాజిటివ్ మన నెల్లూరులోనే వచ్చింది, 2020 మార్చి 12న, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి. ఆ అబ్బాయి ఎవుర్ని కలిశాడు, యాడికి పోయినాడు అని ఆఫీసర్లు కనుక్కోవాల్సి వచ్చింది, ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి జరం ఉందా దగ్గు ఉందా అని రాసుకున్నారు. ఒక్క కేసుకే అంత పని పడితే లక్ష కేసులకు ఎట్టా? అప్పుడు గవర్నమెంట్‌కి కావాల్సినవన్నీ కంపెనీల దగ్గరే ఉన్నాయి. మనిషి ఏ టవర్ కింద ఉన్నాడో ఫోన్ కంపెనీకి తెలుసు, ఊరంతా చదివే మెసేజ్ వాట్సాప్‌లో పోతుంది, కోట్ల మంది ఒకేసారి లాగిన్ అయితే తట్టుకునే సర్వర్లు క్లౌడ్ కంపెనీల దగ్గర ఉంటాయి. అందుకని ఏ దేశమైనా వాళ్ళని పిలవక తప్పలేదు, పిలవడంలో తప్పేం లేదు. పిలిచేటప్పుడు ఏం షరతులు రాసుకున్నారు, ఆ షరతులు జనానికి చూపించారా, నేను చూసేది అదొక్కటే.

వేరే దేశాల్లో కూడా ఇట్టానే చేసినారా?

చేసినారు. అమెరికాలో అయితే 2020 మార్చి 11న వైట్‌హౌస్ వాళ్ళు గూగుల్, ఫేస్‌బుక్, అమెజాన్, యాపిల్, మైక్రోసాఫ్ట్, ట్విట్టర్ వాళ్ళతో మీటింగ్ పెట్టినారు, అప్పటి అక్కడి చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ మైకేల్ క్రాట్సియోస్ నడిపించినాడు. అబద్ధపు వార్తల్ని ఎట్టా ఆపాల, సైంటిస్టులకి ఏం సాయం చెయ్యాల అని. అయిదు రోజులకల్లా, మార్చి 16న, కరోనా జాతి వైరస్‌ల మీద వచ్చిన 29 వేల రీసెర్చ్ పేపర్లను కంప్యూటర్ చదవగలిగేట్టు ఒక చోట పెట్టి ఎవురైనా వాడుకోండని వదిలినారు. మార్చి 22న సూపర్ కంప్యూటర్లున్న ఐబీఎం లాంటి కంపెనీలు, నాసా, అక్కడి జాతీయ ల్యాబ్‌లు కలిసి మందు వెతికే సైంటిస్టులకి కంప్యూటర్ టైం ఫ్రీగా ఇస్తామని ముందుకొచ్చినాయి.

నాకైతే ఇది మొత్తంలో బాగా జరిగిన భాగం అనిపిస్తుంది, ఎందుకంటే ఆడ ఇచ్చిపుచ్చుకున్నది పేపర్లూ కంప్యూటర్ టైమూ, మన పేర్లూ మన ఫోన్ నంబర్లూ కాదు. తగాదా అంతా మనుషుల వివరాల దగ్గరే మొదలైంది.

ఆరోగ్య సేతు చేసింది గవర్నమెంటా, ప్రైవేటోళ్ళా?

ఇద్దరూ. పాజిటివ్ వచ్చినోళ్ళ దగ్గర మనం ఉన్నామా అని బ్లూటూత్‌తో చూసి హెచ్చరించే ఫోన్ యాప్ అది. 2020 ఏప్రిల్ 2న విడుదల చేసినారు, కేంద్ర గవర్నమెంట్ కంప్యూటర్ సంస్థ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ పేరు మీద. పని చేసినోళ్ళలో ప్రైవేటు కంపెనీల ఇంజినీర్లు, కాలేజీల వాళ్ళు వాలంటీర్లుగా ఉన్నారు. 21 రోజుల్లో చేసినామని గవర్నమెంటే చెప్పింది, నెలన్నర లోపలే పది కోట్ల ఫోన్లలోకి వచ్చేసింది. అంత వేగం మామూలు సంగతి కాదు, దానికి దణ్ణం పెట్టాల్సిందే.

కాకపోతే అదే ఏడాది అక్టోబర్‌లో ఒకాయన ఆర్టీఐ కింద ఈ యాప్ ఎవరు చేసినారు, ఫైలు యాడుంది అని అడిగితే మా దగ్గర సమాచారం లేదు అన్నారు, సెంట్రల్ ఇన్ఫర్మేషన్ కమిషన్ కోప్పడి నోటీసులిచ్చింది, అప్పుడుగానీ గవర్నమెంట్ బయటికొచ్చి ప్రభుత్వమూ ప్రైవేటూ కలిసి చేసినాం అని వివరంగా చెప్పలేదు. మా సెంటర్‌లో జిరాక్స్ కాపీకి కూడా నేను పుస్తకంలో రాసుకునేదాన్ని, పది కోట్ల మంది ఫోన్లలో ఉన్న యాప్‌కి కాగితం అడిగితే వెంటనే చూపించేట్టు ఉండాల.

బ్లూటూత్‌తో రోగం ఎట్టా కనిపెడతారక్కా?

రోగాన్ని కనిపెట్టదు, దగ్గరితనాన్ని కనిపెడుతుంది. స్టోన్‌హౌస్‌పేటలో కొట్టు దగ్గర నువ్వూ ఇంకొకాయనా పక్కపక్కన నిలబడినారు అనుకో, ఇద్దరి ఫోన్లలో యాప్ ఉంటే ఆ రెండు ఫోన్లు ఒకదాని గుర్తు ఒకటి రాసుకుంటాయి. నాలుగు రోజుల తర్వాత ఆయనకి పాజిటివ్ వస్తే ఆ లిస్ట్ సర్వర్‌కి పోతుంది, నీకు హెచ్చరిక వస్తుంది. మనవాళ్ళు దీనికి తోడు జీపీఎస్ కూడా పెట్టినారు, అంటే నువ్వు యాడున్నావో కూడా. గొడవ అక్కడే వచ్చింది. యాపిల్, గూగుల్ కలిసి 2020 మేలో ఇచ్చిన పద్ధతిలో లొకేషన్ ఉండదు, లెక్క అంతా ఎవరి ఫోన్లో వాళ్ళదే ఉంటుంది. ఇంగ్లండ్ వాళ్ళు మొదట సొంతంగా అన్నీ ఒక్క సర్వర్‌లో పెట్టే యాప్ చేసి, అది సరిగ్గా పనిచెయ్యక జూన్‌లో వదిలేసి ఈ పద్ధతికే మారినారు.

ఇంకోటి, బ్లూటూత్‌కి గోడ తెలవదు. మా వీధిలో ఇళ్ళన్నీ గోడకి గోడ, ఇటు పక్క నేను అటు పక్క రమణమ్మత్త, మధ్యలో ఇటిక గోడ ఉన్నా ఫోన్లు మాత్రం పక్కపక్కనే ఉన్నామనుకుంటాయి. అందుకని హెచ్చరిక వస్తే భయపడిపోకుండా టెస్ట్ చేయించుకోమని చెప్పేదాన్ని.

యాప్ కంపల్సరీ అన్నారు గదా అప్పుడు?

2020 మే మొదట్లో ఉద్యోగులందరికీ తప్పనిసరి అని కేంద్రం ఆర్డర్ ఇచ్చింది, మే 17న దాన్ని మెత్తబరిచి, వీలైనంత వరకు పెట్టించండి అని మార్చింది. రెండిటికీ చాలా తేడా ఉంది, మొదటిదాంట్లో యాప్ లేకపోతే తప్పు నీది, రెండోదాంట్లో కాదు. ఆ మారిన సంగతి చాలామందికి చేరలేదు, నెలల తర్వాత కూడా యాప్ లేకపోతే లోపలికి రానియ్యరంట గదా అని వచ్చి ఎక్కించుకునేవాళ్ళు.

చిన్న ఫోన్ వాడేవాళ్ళ సంగతేంది?

1921 అనే నంబర్‌కి మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వచ్చి ప్రశ్నలడిగే ఏర్పాటు 2020 మేలో పెట్టినారు, జియోఫోన్‌కి కూడా యాప్ తెచ్చినారు. మన రాష్ట్రంలో 14410 అని టెలిమెడిసిన్ నంబర్ 2020 ఏప్రిల్ 13 నుంచి ఉండేది, ఫోన్ చేస్తే డాక్టర్ మాట్లాడేవాళ్ళు, బెడ్లకి 104. నన్నడిగితే యాప్‌ల కన్నా ఇవి మేలు. ముసలోళ్ళకి ఫోన్ చేసి మాట్లాడటం తెలుసు, యాప్‌లో అలౌ నొక్కడం తెలవదు.

ఆ దగ్గు కాలర్ ట్యూన్ ఎవరు పెట్టినారు?

టెలికాం శాఖ చెప్తే ఫోన్ కంపెనీలు పెట్టినాయి, 2020 మార్చిలో. జనం విసుక్కున్నారు గానీ, చదువు రాని మా నాయనమ్మకి చేతులు కడుక్కోవాలని మొదట చెప్పింది ఆ ట్యూనే.

2021 మేలో కోవిన్‌లో స్లాట్ ఎందుకు దొరకలేదు? నేను రోజూ చూసినా.

ఇది అన్నిటికన్నా ఎక్కువ మంది అడిగిన ప్రశ్న, కొంచెం ఓపిగ్గా చదవండి. కోవిన్ అంటే టీకాకి పేరు ఎక్కించుకుని స్లాట్ బుక్ చేసుకునే కేంద్రం సైట్.

18 ఏళ్ళు దాటినోళ్ళకి మే 1 నుంచి టీకా అన్నారు, ఏప్రిల్ 28 సాయంత్రం నాలుక్కి రిజిస్ట్రేషన్ తెరిస్తే మొదటి రోజే కోటీ 30 లక్షల మందికి పైగా పేర్లు ఎక్కించుకున్నారు. టీకాలు అన్ని లేవు. పైగా 18 నుంచి 44 వాళ్ళు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటేనే టీకా, నేరుగా సెంటర్‌కి పోతే కుదరదు అన్నారు. మన రాష్ట్రంలో అయితే ముందు 45 దాటినోళ్ళకి రెండో డోసు పూర్తి చేస్తామని గవర్నమెంట్ నిర్ణయం తీసుకుంది, అందుకని మన పిల్లలు కావలి పిన్‌కోడ్ 524201 కొట్టినా ఒంగోలు 523001 కొట్టినా సున్నాలే. తప్పు నెట్‌ది కాదు, నీ ఫోన్‌ది కాదు, టీకాయే లేదు. ఆ మాట ఆ పేజీ మీద ఒక్క లైన్ తెలుగులో రాసి ఉంటే ఎంతమంది ఎన్ని గంటలు మిగిలేవో. అసలు తెలుగే లేదు దాంట్లో, జూన్‌లో వచ్చింది.

ఇంకో పక్క ఏం జరిగిందంటే, స్లాట్ల సమాచారం బయటివాళ్ళు కూడా తీసుకునేట్టు కోవిన్ వాళ్ళు ఏపీఐ అనే దారి తెరిచి పెట్టినారు. మంచి పనే, దాంతో కుర్రోళ్ళు టెలిగ్రామ్‌లో అలర్ట్‌లు తయారు చేసినారు, స్లాట్ పడగానే ఫోన్ టింగుమనేది. కాకపోతే ఆ టింగు విని పది సెకన్లలో నొక్కగలిగినోడికే స్లాట్, సిటీల నుంచి కార్లేసుకుని పల్లె సెంటర్లకి పోయి వేయించుకున్నారు, ఆ పల్లె వాళ్ళు చూస్తా నిలబడినారు. తర్వాత నొక్కేది మనిషేనా ప్రోగ్రామా అని తేల్చే క్యాప్చా పెట్టినారు, ఏపీఐ మీద కట్టడి పెట్టినారు, సెంటర్లో చూపించేందుకు నాలుగంకెల కోడ్ పెట్టినారు. మే 31న సుప్రీం కోర్టులో జస్టిస్ చంద్రచూడ్ బెంచ్, పల్లెలో చదువు రాని కూలి మనిషి ఇందులో ఎట్టా రిజిస్టర్ అవుతాడని కేంద్రాన్ని గట్టిగా అడిగింది. అప్పటికే మే 24న సర్కారు సెంటర్లలో నేరుగా పోయినా వేయొచ్చని సడలింపు ఇచ్చినారు, జూన్ 21 నుంచి దేశమంతా అందరికీ కేంద్రమే ఫ్రీగా అని మార్చినారు.

మా సెంటర్‌లో ఏం జరిగేదో చెప్తా. ఒక పెద్దాయన అల్లూరు వైపు నుంచి వచ్చినాడు, చేపల చెరువు కాపలా. రెండో డోసు వివరాలు చూడమ్మా అని జేబులోంచి చిన్న ఫోన్ తీసి ఇచ్చినాడు, దానికి రబ్బర్ బ్యాండ్ చుట్టి ఉంది, వెనక మూత ఊడిపోకుండా. నంబర్ కొట్టినా, ఓటీపీ రాలేదు. మూడు నిమిషాల్లో కొట్టాల దాన్ని. మళ్ళీ పంపించినా, రాలేదు. ఫోన్ నా చేతికి తీసుకుని చూస్తే మెసేజ్ బాక్స్ నిండిపోయి ఉంది, రీఛార్జ్ ఆఫర్లు, లోన్లు, లాటరీలు, ఏళ్ళ తరబడి ఒక్కటీ తీసెయ్యలేదు ఆయన, తీసెయ్యచ్చని తెలవదు. కొత్త మెసేజ్‌కి చోటు లేదు. ఒక్కొక్కటి కూర్చుని తీసేసినా, ఇరవయ్యో ఎన్నో తీసినాక ఓటీపీ వచ్చి పడింది, అప్పటికి వెనక లైన్లో ఎనిమిది మంది. నాయనా, ఎవురైనా ఈ నంబర్ అడిగితే చెప్పొద్దు నాకు తప్ప అన్నా. ఆయనేమో, నీకు మాత్రం ఎందుకు చెప్పాల మరి అన్నాడు. సరైన ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు, నన్ను నమ్మడం తప్ప ఆయనకి దారి లేదు, అంతే.

ఒక ఫోన్ నంబర్ మీద అప్పట్లో నలుగురి పేర్లు ఎక్కించొచ్చు. ఫోన్ లేనోళ్ళకి పక్కింటోళ్ళ నంబర్, మేస్త్రీ నంబర్ పెట్టేవాళ్ళం. ఆ తర్వాత సర్టిఫికెట్ కావాలంటే ఆ మేస్త్రీ ఫోన్ ఎత్తాల.

మరి మన జిల్లాల్లో టీకాలు ఎట్టా పడినాయి చివరికి?

మనుషులు వచ్చి వేసినారు. ఆశా వర్కర్, ఏఎన్ఎమ్, వాలంటీర్, సచివాలయం వాళ్ళు. ఎవురికి రెండో డోసు ఎప్పుడో వాలంటీర్ ఇంటికొచ్చి చెప్పి స్లిప్ ఇచ్చి, ఫలానా రోజు ఫలానా టైంకి పీహెచ్‌సీకి రండి అనేవాళ్ళు. అయిదేళ్ళ లోపు పిల్లలున్న తల్లులకి కూడా జూన్‌లో అట్టానే వేసినారు. 2021 జూన్ 20న ఒక్క రోజులో రాష్ట్రంలో 13 లక్షలకు పైగా డోసులు పడినాయి. ఆ రోజు కూడా వివరాలన్నీ కోవిన్‌లోకే ఎక్కినాయి, కాబట్టి సాఫ్ట్‌వేర్ పనికిరాదని నేను అనను. టీకా డబ్బా యాడుందో, ఎన్ని డోసులు ఎవురికి పడినాయో అంత పెద్ద దేశంలో లెక్క ఉంచింది అదే, 2021 అక్టోబర్ 21కి వంద కోట్ల డోసులు దాటినాయి. కాకపోతే ఫోన్ ఆపరేట్ చెయ్యాల్సింది ఏఎన్ఎమ్మా, చెరువు కాపలా పెద్దాయనా? మే నెలలో ఆయన మీద పెట్టినారు, జూన్‌లో ఏఎన్ఎమ్ మీద పెట్టినారు. జూన్‌లోనే పని జరిగింది.

వాట్సాప్‌లో వచ్చే పుకార్లని ఆపలేకపోయినారా?

కొంత ఆపినారు. 2020 మార్చి 20నే ఐటీ శాఖ సోషల్ మీడియా కంపెనీలకి అడ్వైజరీ ఇచ్చింది, అబద్ధాల్ని తీసెయ్యండి, సరైన సమాచారం చూపించండి అని. ఏప్రిల్ 7న వాట్సాప్ వాళ్ళు ఎక్కువ సార్లు తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్కరికే పంపగలిగేట్టు మార్చినారు, దాంతో అట్టాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గినాయని వాళ్ళే చెప్పినారు. ఏది నిజం ఏది అబద్ధం అని చూడకుండా వేగాన్ని మాత్రమే తగ్గించినారు, అది నాకు నచ్చింది.

మనకి దగ్గర్లో జరిగింది చూడండి. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య గారు కరోనాకి అని పంచిన నాటు మందు. వీడియోలు ఫోన్ల మీద తిరిగి తిరిగి ఎక్కడెక్కడి నుంచో అంబులెన్సుల్లో కూడా వచ్చేసినారు జనం, రోడ్డు నిండిపోయింది, చివరికి పంపిణీ ఆపించాల్సి వచ్చింది. మే 31న రాష్ట్ర గవర్నమెంట్ కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతిచ్చింది, జూన్‌లో మళ్ళీ పంచినారు. వచ్చినోళ్ళని నేను తప్పు పట్టను, ఇంట్లో మనిషికి ఆక్సిజన్ పడిపోతా ఉంటే ఎవురైనా పరిగెత్తుతారు. అయితే ఆ వీడియోలు వచ్చినంత వేగంగా, ఈరోజు రావద్దు పంపిణీ లేదు అనే మాట వాళ్ళకి చేరలేదు. కంపెనీలతో గవర్నమెంట్ మాట్లాడుకుని చెయ్యాల్సిన పని అట్టాంటిది, పోస్టులు తీసెయ్యడం కన్నా ఇది ముందు.

పోస్టులు తీసెయ్యమని గవర్నమెంట్ కంపెనీలకి చెప్పొచ్చా అసలు?

మన ఐటీ చట్టంలో అధికారం ఉంది. 2021 ఏప్రిల్‌లో, బెడ్ల కోసం ఆక్సిజన్ కోసం జనం ట్విట్టర్‌లో అడుక్కుంటా ఉన్న రోజుల్లో, గవర్నమెంట్ చెప్తే ట్విట్టర్ వాళ్ళు యాభై దాకా ట్వీట్లు మన దేశంలో కనపడకుండా చేసినారు. భయం పుట్టించే పాత ఫొటోలు, అబద్ధాలు అని గవర్నమెంట్ అనింది. అందులో అప్పట్లో ఎంపీగా ఉన్న రేవంత్ రెడ్డి ట్వీట్ కూడా ఉంది. అమెరికాలో ఇదే గొడవ సుప్రీం కోర్టు దాకా పోయింది, 2024 జూన్ 26న ఆరుగురు జడ్జీలు ఒక పక్క ముగ్గురు ఒక పక్క, కేసు వేసినోళ్ళకి వెయ్యడానికి అర్హత లేదని కొట్టేసినారు, ఒత్తిడి తప్పా ఒప్పా అనేది తేల్చలేదు. ఆ ఆగస్టులో ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్, 2021లో అక్కడి గవర్నమెంట్ మా మీద ఒత్తిడి తెచ్చింది అని లెటర్ రాసినాడు.

బ్లీచింగ్ పౌడర్ తాగమని ఎవుడన్నా పెడితే తీసెయ్యాల్సిందే, అనుమానం లేదు. సర్కారుని తిట్టినోడి పోస్టు అదే గంపలో వేసి తీసేస్తే మాత్రం తర్వాత ఆ బ్లీచింగ్ మాట కూడా జనం నమ్మరు. ఏది తీసేసినారు, ఎందుకు తీసేసినారు అని లిస్ట్ బయట పెట్టాల.

మరి మన వివరాలన్నీ ఏమైనాయి? భయంగా ఉందక్కా.

ఆరోగ్య సేతు వివరాలకి 2020 మే 11న రూల్స్ పెట్టినారు, కాంటాక్ట్, లొకేషన్ లాంటివి 180 రోజులు దాటి ఉంచుకోకూడదని. 2021 జనవరిలో కర్ణాటక హైకోర్టు, మనిషి ఒప్పుకోకుండా వాళ్ళ ఆరోగ్య వివరాలు వేరే వాళ్ళకి ఇవ్వొద్దని చెప్పింది. ఆ దగ్గరితనం కనిపెట్టే పని యాప్‌లో ఆపేసినామని 2023లో పార్లమెంట్‌లో చెప్పినారు.

కోవిన్ సంగతి వేరు. 2023 జూన్ 12న టెలిగ్రామ్‌లో ఒక బాట్, అంటే అడిగితే దానంతటదే జవాబిచ్చే ప్రోగ్రామ్, బయటపడింది, ఫోన్ నంబర్ కొడితే పేరు, పుట్టిన ఏడాది, ఇచ్చిన ఆధారో పాస్‌పోర్టో దాని నంబర్, టీకా వేసిన సెంటర్ అన్నీ చెప్పేది. కోవిన్ భద్రంగానే ఉంది, బాట్ నేరుగా కోవిన్‌లోకి పోలేదని గవర్నమెంట్ అనింది, తర్వాత బీహార్‌లో ఒకర్ని పట్టుకున్నారు. ఆ రోజు నేను నా నంబర్ గురించి కాదు ఆలోచించింది, నా చేత్తో ఎక్కించిన నంబర్ల గురించి. సింగపూర్‌లో కూడా వైరస్ కోసమే అని చెప్పిన యాప్ వివరాలు పోలీసులు నేరాల దర్యాప్తుకి తీసుకోవచ్చని 2021 జనవరిలో బయటికొచ్చి జనం మండిపడితే, పెద్ద నేరాలకే అని చట్టం మార్చినారు. కరోనా నాటికి మన దగ్గర వివరాల రక్షణ చట్టమే లేదు, 2023 ఆగస్టులో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌లో.

సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడింది, ఏం చెయ్యాల?

కోవిన్‌లో రైజ్ యాన్ ఇష్యూ అని ఉండేది, పేరు, పుట్టిన ఏడాది, ఆడా మగా, ఇవి దిద్దుకోవచ్చు. ఆధార్ కార్డు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి.

ఇంకోసారి ఇట్టాంటిది వస్తే మన మిత్ర ఉంది గదా, అన్నీ వాట్సాప్‌లోనే అయిపోతాయా?

మన మిత్ర అంటే సర్కారు పనులు వాట్సాప్‌లో చేసుకునే సేవ, 2025 జనవరి 30న మొదలైంది, వాట్సాప్ కంపెనీ మెటాతో రాష్ట్ర గవర్నమెంట్ ఒప్పందం చేసుకుని, మొదట 161 సేవలతో. బాగుంది, సర్టిఫికెట్ కోసం ఆఫీస్ చుట్టూ తిరగడం తగ్గింది, నేనే రోజూ వాడతా. అయితే 2021లో ఇంటికొచ్చి స్లిప్ ఇచ్చిన వాలంటీర్లు ఇప్పుడు లేరు, 2024 తర్వాత ఆ వ్యవస్థ నడవట్లేదు. రేపు ఏదన్నా వస్తే వాట్సాప్ ఉన్నోళ్ళకి క్షణంలో కబురు చేరుతుంది, రబ్బర్ బ్యాండ్ ఫోన్ పెద్దాయనకి ఎవురు చెప్పాల? ఇది కలెక్టర్ గ్రీవెన్స్‌లో అడగొచ్చు, గ్రామ సభలో అడగొచ్చు, అడగండి. మా పంచాయతీలో స్మార్ట్ ఫోన్ లేని ఇళ్ళు ఎన్ని, వాళ్ళ లిస్ట్ ఎవరి దగ్గర ఉంది, అత్యవసరంలో వాళ్ళ దగ్గరికి పోయే ఏఎన్ఎమ్, ఆశా ఎవరు అని పేర్లతో సహా.

మా నంబర్లు మీ దగ్గర ఇంకా ఉన్నాయా అక్కా?

ఓటీపీల గొడవలో మర్చిపోతామని నేను 200 పేజీల నోట్‌బుక్‌లో పేరు, ఫోన్ నంబర్, రిఫరెన్స్ ఐడీ రాసుకునేదాన్ని. రెండు పుస్తకాలు నిండినాయి. బాట్ వార్త చూసిన వారంలో సర్టిఫికెట్ ఇంకా తీసుకోనోళ్ళకి ఫోన్లు చేసి పిలిచి ప్రింట్లు ఇచ్చేసినా, పెద్దాయనకి ఆయన కొడుకు చేత పంపించినా. తర్వాత రెండు పుస్తకాలూ మా పెరట్లో పొయ్యిలో వేసి కాల్చేసినా. లేవు.